ఆకాశమార్గంలో దారిదోపిడీ

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్క గదులలో వినిపిస్తూ ఉంటాయి. ఒక భాష విద్యార్థులు రెండవ భాషలోని మాటలను అడిగి తెలుసుకోవడం మాకు అలవాటు. అట్లా మేము నేర్చుకొన్న మాటలలో ‘రహబర్’, ‘రహజన్’ అనేవి రెండు. దారి చూపేవాడు రహబర్. దారికాచి దోచేవాడు రహజన్. రెండింటికీ మూలం దారి అనే అర్థంగల ఒకే పదం. పూర్వకాలపు బాటసారికి ఈ ఇద్దరినీ పోల్చుకోగలగడమే ప్రాణరక్షణ. కత్తి దూసి ఎదుట నిలిచిన దొంగను చూసి పారిపోవచ్చు. మార్గదర్శి వేషంలో వచ్చి, కుశలప్రశ్నలు వేసి, చేయి పట్టుకొని అడవిలోకి నడిపించే దొంగ నుండి బయటపడడం దుర్లభం.

ఆ పాత ఆపద ఇప్పుడు ఆకాశానికెక్కింది. చోదకుడు లేకుండా ఎగిరే చిన్న విమానాలు, మనమందరం డ్రోన్లని పిలిచేవి, ఉపగ్రహాలు పంపే సంకేతాలను నమ్ముకొని దారి వెతుక్కొంటున్నాయి. ఆ సంకేతం నిజమైనదో, వేషం వేసుకొని వచ్చినదో తెలుసుకొనే శక్తి వాటిలో చాలావాటికి లేదు. ఒంటరిగా ఎగిరే డ్రోను మోసపోతే నష్టం దానితో పోతుంది. పదులు, వందలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటూ గుంపుగా ఎగిరేటప్పుడు ఒకటి నమ్మిన అబద్ధం అన్నిటికీ చేరుతుంది. మందులు మోయడానికి, పొలాలలో పిచికారీ చేయడానికి, వరదలలో అన్నం అందించడానికి డ్రోన్లను పిలుస్తున్న మన దేశం, ‘వీటికి దారి చూపేదెవరు, ఆ దారికి పూచీ ఎవరు?’ అనే ప్రశ్నను ముందుగానే వేసుకోవాలని మా అభిప్రాయం. ప్రమాదం జరిగిన తర్వాత వేసుకొనే ప్రశ్నకు విచారణ సంఘాలు తప్ప వేరే సమాధానం దొరకదు.

గడియారమే దిక్సూచి

చుక్కలను చూసి దారి తెలుసుకోవడం మానవునికి అనాదిగా వచ్చిన విద్య. మన పెద్దలు రోహిణి అన్న నక్షత్రాన్ని అరబ్బులు అల్ దబరాన్ అన్నారు. మన శ్రవణం వారికి అల్ తాయిర్. ఎడారిలో ఒంటెల బిడారులు, సముద్రంలో నావికులు ఆ చుక్కలనే నమ్ముకొన్నారు. నక్షత్రానికి ఒక గొప్ప గుణముంది. దానిని ఎవరూ ఆర్పలేరు; దాని పక్కన మరొక దొంగచుక్కను ఎవరూ నిలపలేరు. మబ్బు కమ్మితే కనబడకపోవచ్చు గాని, కనబడినప్పుడు అబద్ధమాడదు. మనిషి తయారుచేసి పైకి పంపిన కృత్రిమ నక్షత్రాలకు ఈ గుణం అబ్బలేదు.

ఉపగ్రహ మార్గదర్శనం పనిచేసే తీరు తెలుసుకొంటే ఇందుకు కారణం అర్థమవుతుంది. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారం ఉంటుంది. ‘నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ప్రతి ఉపగ్రహమూ రేడియో తరంగాలపై ఎడతెగక చాటుతుంది. ఆ కబురు మనకు చేరడానికి సెకనులో సుమారు పదిహేనవ వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కకట్టి, కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలతో మన చోటు తేలుతుంది. మన చేతిలోని చౌక గడియారపు తప్పును సరిదిద్దడానికి నాల్గవది కావాలి. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, గడియారంలో సెకనులో పదిలక్షలవ వంతు తేడా వస్తే నేలమీద 300 మీటర్ల తేడా వస్తుంది. అనగా ఒకని చోటు మార్చదలచిన మోసగాడు అతనిని తాకనక్కరలేదు. అతనికి చేరే కాలాన్ని కాస్త జరిపితే చాలును.

ఇంత దూరం వచ్చిన సంకేతం నేలకు చేరేసరికి ఎంతగా సన్నగిల్లుతుందో చెబితే నమ్మశక్యం కాదు. ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ నూరు చేస్తే మిగిలేటంత శక్తి అది. పైగా పౌరులకు ఉద్దేశించిన సంకేతం నిర్మాణమంతా బహిరంగంగా ప్రచురింపబడి ఉంది. ఇది ఉదారబుద్ధితో చేసిన పనే. 1983లో దారితప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసిన తర్వాత, ఈ వ్యవస్థను లోకంలోని పౌరవిమానాలకు ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. 2000 మే నెలలో, పౌర సంకేతానికి కావాలని కలుపుతూ వచ్చిన తప్పును కూడా తీసివేశారు. అయితే సైనికుల సంకేతానికి రహస్యలిపి రక్షణగా ఉన్నది, జి.పి.ఎస్. పౌర సంకేతానికి సంతకమన్నది లేదు. సంతకం లేని ఉత్తరాన్ని ఎవరి పేరిటనైనా ఎవరైనా వ్రాయవచ్చు.

హోరు, వేషం

ఈ బలహీనతను వాడుకొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది జామింగ్. ఇది మొరటు పని. అదే పౌనఃపున్యంపై పెద్దగా హోరు పెడితే ఉపగ్రహాల సన్నని గొంతు అందులో మునిగిపోతుంది. పెళ్ళి ఊరేగింపు బాజాల నడుమ పక్కవాని మాట వినబడనట్లే. దీనికి లోనైన డ్రోనుకు తనకు వినబడడం లేదన్న సంగతైనా తెలుస్తుంది.

రెండవది స్పూఫింగ్. ఇది నేర్పుతో కూడిన పని. మోసగాడు ఉపగ్రహ సంకేతాన్ని అచ్చుగుద్దినట్లు తయారుచేసి, మొదట నిజమైన దానితో సరిగ్గా కలిపి నడిపిస్తాడు. తర్వాత కొద్దికొద్దిగా బలం పెంచుతాడు. డ్రోను చెవి బలమైన గొంతువైపు తిరుగుతుంది. అప్పుడు కాలాన్ని ఇసుమంత చొప్పున జరుపుతూ దానిని పక్కకు లాగుకొనిపోతాడు. తెరమీద అన్నీ సవ్యంగానే కనిపిస్తూ ఉంటాయి. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. నిజమైన సంకేతాన్నే పట్టి, కొంత ఆలస్యం చేసి, తిరిగి ప్రసారం చేసే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం ఉండదు. చేరిన వేళ మాత్రమే అబద్ధం.

ఇవి పుస్తకాలలోని ఊహలనుకోరాదు. 2011 డిసెంబరులో అమెరికావారి ఆర్.క్యూ. 170 అనే నిఘా డ్రోనును ఇరాన్ చేజిక్కించుకొని లోకానికి ప్రదర్శించింది. తప్పుడు సంకేతాలతో దానిని దింపుకొన్నామని ఇరాన్ పక్షం చెప్పగా, అమెరికా పక్షం అంగీకరించలేదు. ఆ వివాదం సంగతి ఎట్లా ఉన్నా, అటువంటి పని సాధ్యమేనని మరుసటి ఏడాదే రుజువైంది. 2012 జూన్ నెలలో టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టాడ్ హంఫ్రీస్ తన శిష్యులతో కలిసి, అమెరికా ప్రభుత్వ శాఖవారి ఎదుట, న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ మైదానంలో ఒక చిన్న హెలికాప్టరు డ్రోనుకు దొంగ సంకేతం వినిపించాడు. గాలిలో నిశ్చలంగా నిలిచి ఉన్న ఆ డ్రోను, తాను పైకి లేచిపోతున్నానని భ్రమించి, సరిదిద్దుకొనే తొందరలో నేలవైపు దూకింది. చేతితో నడిపే చోదకుడొకడు సిద్ధంగా ఉండబట్టి కూలిపోకుండా మిగిలింది. 2013లో అదే బృందం, యజమానుల అనుమతితో, మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల పొడవైన విలాసనౌకను దారి మళ్ళించి చూపింది. నౌక పక్కకు తిరుగుతున్నా తెరపై గీత తిన్నగానే సాగింది. 2017 జూన్‌లో నల్లసముద్రపు రేవు నోవోరోసిస్క్ దగ్గర ఇరవైకి పైగా ఓడలలోని యంత్రాలు, ఆ ఓడలు నేలమీద, ఒక విమానాశ్రయంలో ఉన్నట్లు చూపించాయి. ఓడ తాను విమానాశ్రయంలో ఉన్నానంటే నవ్వు వస్తుంది; నావికుడు కళ్ళతో నీటిని చూసి ఆ మాటను తోసివేయగలడు. డ్రోనులో ఆ నావికుడు లేడు.

గుంపులో పడిన అబద్ధం

ఇప్పటి డ్రోను ఒంటరి పక్షిగా ఉండడం తగ్గిపోతున్నది. అది నేలమీది కేంద్రంతోను, తోటి డ్రోన్లతోను రేడియో ద్వారా మాట్లాడుతూ ఉంటుంది. ‘నేను ఫలాన చోట ఉన్నాను, ఫలాన దిక్కుకు పోతున్నాను’ అని ప్రతిదీ చాటుతుంది. తక్కినవి ఆ మాటను నమ్మి ఎడంగా జరుగుతాయి. ఈ అల్లిక వలననే గుంపుకు క్రమశిక్షణ వస్తుంది. ఆ అల్లిక గుండానే అబద్ధం కూడా ప్రయాణం చేస్తుంది. ఒక డ్రోను దొంగ సంకేతాన్ని నమ్మి, తన తప్పుడు చోటును చిత్తశుద్ధితో పొరుగువాటికి చెబుతుంది. అవి దానికి దూరంగా జరగబోయి దానిమీదికే పోవచ్చు. మోసపోయినదే మోసాన్ని మోసుకొనిపోవడం ఈ విపత్తులోని విచిత్రం.

రెండవ చిక్కు కాలానిది. గుంపులోనివి ఒకదాని మాటకు మరొకటి అడ్డు రాకుండా వంతులవారీగా మాట్లాడుకోవాలి. అనేక వ్యవస్థలలో ఆ వంతులకు గడియారం ఉపగ్రహ సంకేతమే. గడియారం చెడితే చోటుతోబాటు సంభాషణ కూడా చెడుతుంది. మూడవ చిక్కు తిరుగుదారిది. కేంద్రంతో సంబంధం తెగితే బయలుదేరిన చోటికి తిరిగి రమ్మని డ్రోనుకు ముందే నేర్పుతారు. ఆ చోటు దానికి అంకెలలో మాత్రమే తెలుసు. మోసగాడు మొదట హోరుతో సంబంధం తెంచి, తర్వాత దొంగ సంకేతం వినిపిస్తే, అది ఇల్లు చేరాననుకొని వాని పెరటిలో దిగుతుంది. నాల్గవది మాట్లాడుకొనే భాషలోని లోపం. చిన్న డ్రోన్లలో విరివిగా వాడే మావ్‌లింక్ అనే సంభాషణా పద్ధతిలో సందేశాలకు రహస్యలిపి లేదు. దాని రెండవ రూపంలో సంతకం చేసే ఏర్పాటు ఉన్నా, వాడుకోవడం ఐచ్ఛికం. వీధి తలుపుకు తాళం ఉన్నది గాని, వేసుకోవడం మానడం ఇంటివారి ఇష్టమన్నమాట. ఇటువంటి సందుల గుండానే, లేని డ్రోన్లను ఉన్నట్లు చాటి ఆకాశమంతా నిండిపోయిందన్న భ్రమను కూడా కల్పించవచ్చు.

2018 అక్టోబరు 27న హాంకాంగ్‌లోని విక్టోరియా రేవుపై ఒక ఉత్సవ సందర్భంగా డ్రోన్లతో దీపాల ప్రదర్శన జరిగింది. ఆట మధ్యలో 46 డ్రోన్లు వరుసగా నీటిలో రాలిపోయాయి. ఉపగ్రహ సంకేతాలకు ఎవరో కలిగించిన అంతరాయమే కారణమని నిర్వాహకులు ప్రకటించారు. పది లక్షల హాంకాంగ్ డాలర్ల మేరకు నష్టం కలిగింది. క్రింద ఉన్నది సముద్రం గనుక అంతటితో పోయింది. 2024 అక్టోబరు 22న మన విజయవాడలో, కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి ఆకాశంలో బొమ్మలు గీశాయి. అది క్షేమంగా ముగిసినందుకు ఆనందిద్దాము. ఆనందిస్తూనే, హాంకాంగ్ రేవును జ్ఞాపకం ఉంచుకొందాము.

మన వాకిట

మన ప్రాంతంలో డ్రోను వినోదవస్తువుగా మిగిలిపోలేదు. 2021 సెప్టెంబరులో వికారాబాదులో, ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ అనే ప్రయోగం క్రింద డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగిపోయినప్పుడు, పడవలు పోలేని సందులలో మేడలమీద నిలబడిన వారికి డ్రోన్లు అన్నం పొట్లాలు, నీళ్ళు అందించాయి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు పిచికారీ డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. డ్వాక్రా సంఘంలో పొదుపు చేసుకొనే ఇల్లాలు రేపు పొలం గట్టున నిలబడి విమానం నడుపుతుందన్న మాట మా వంటి విద్యార్థులకు గర్వకారణం. ఆమె చేతిలో పెడుతున్న యంత్రం ఎంత నమ్మదగినదో విచారించడం ఆ గర్వంలో భాగమేనని మేము తలుస్తాము.

మన ఆకాశంలో ఇటువంటి మోసాలు ఎక్కడివని ఎవరైనా అడుగవచ్చు. 2023 నవంబరు నుండి 2025 ఫిబ్రవరి వరకు మన సరిహద్దు ప్రాంతాలలో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాలలో, విమానాల ఉపగ్రహ సంకేతాలకు అంతరాయం కలిగిన సంఘటనలు 465 నమోదైనట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయానికి దిగవచ్చిన కొన్ని విమానాలకు దొంగ సంకేతాలు తగిలాయి. డిసెంబరు 1న పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఈ సంగతి తెలుపుతూ, ఇటువంటి ఫిర్యాదులు అందిన విమానాశ్రయాలలో హైదరాబాదును కూడా పేర్కొన్నారు. పెద్ద విమానంలో శిక్షణ పొందిన ఇద్దరు చోదకులు ఉంటారు, నేలమీది రేడియో సాధనాల తోడు ఉంటుంది. అందుచేత ఆ విమానాలు సురక్షితంగా దిగాయి. నాలుగు రెక్కల చిన్న డ్రోనుకు ఈ తోడు ఏదీ లేదు.

రహజన్ ఎవరు?

ఉపగ్రహ సంకేతాలను చెరిచేది శత్రు సైన్యమొక్కటే అనుకొంటే పొరపాటు. యుద్ధభూమిలో ఇది విస్తారంగా జరుగుతున్న మాట నిజం. ఉక్రెయిన్ నెలకు సుమారు పదివేల డ్రోన్లను కోల్పోతున్నదని, ఇందుకు రష్యావారి రేడియో దాడి తోడ్పడుతున్నదని 2023లో లండన్‌లోని ఒక రక్షణ పరిశోధన సంస్థ అంచనా వేసింది. చివరకు ఆ యుద్ధంలో సన్నని గాజుతీగను వెంట లాగుకొనిపోయే డ్రోన్లు కూడా వచ్చాయి. సంక్రాంతి గాలిపటానికి దారంలాగా తీగ కట్టి, రేడియోను నమ్మడం మానుకొన్నారు.

కాని మాకు ఇంతకంటె ఆలోచన కలిగించిన సంఘటన వేరొకటి. అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయంలో ఉపగ్రహాల సాయంతో విమానాలను దింపే ఒక పరికరం 2009 నుండి అప్పుడప్పుడు మొరాయించసాగింది.  2012లో పక్క రహదారి వెంట పోయే ఒక వాహన చోదకుడు పట్టుబడ్డాడు. యజమాని తన బండిని ఎప్పటికప్పుడు కనిపెట్టి చూడడం అతనికి నచ్చలేదు. ఆ నిఘా నుండి తప్పించుకోవడానికి అరచేతిలో ఇమిడే జామరు ఒకటి కొని బండిలో తగిలించుకొన్నాడు. విమానాల సంగతి అతని తలపులోనే లేదు. 2013లో అతనికి 31,875 డాలర్ల జరిమానా విధించారు.

ఈ మనిషిని దొంగ అని తిట్టి ఊరుకోవడం సులభమే. మన దేశంలో కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా జామరు వాడడం చట్టవిరుద్ధం, అట్లాగే ఉండాలి. అయినా చట్టం ఒక్కటే చాలునని మేము నమ్మలేము. మనుషులను అనుక్షణం కనిపెట్టి చూసే యంత్రాలు పెరిగినకొద్దీ, వాటి కన్నుగప్పే చౌక యంత్రాలు కూడా పెరుగుతాయి. ఒక చిన్న స్వార్థం కోసం వీధిలో పెట్టిన హోరు, ఆ పైన మందుల పెట్టెతో పోతున్న డ్రోను చెవిని మూసివేస్తుంది. తన కళ్ళు తానే మూసుకొన్నాననుకొన్నవాడు ఊరి దీపాలు ఆర్పినట్లయింది. భద్రత పేరిట ప్రభుత్వాలే పెట్టే జామర్ల విషయంలో కూడా ఈ మాట వర్తిస్తుంది. వాటి హోరు గోడ దగ్గర ఆగదు. పొరుగువారికి ముందుగా తెలియజేయడం కనీస ధర్మం.

తప్పు ఎవరి ఖాతాలో?

2021 ఆగస్టులో వచ్చిన మన డ్రోన్ల నియమావళి దేశ గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలాలుగా విభజించింది. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరడం నేరం. డ్రోను ఎక్కడ ఎగిరిందో చెప్పేది దాని చిట్టా. ఆ చిట్టా వ్రాసేది ఉపగ్రహ సంకేతం. ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. దొంగ సంకేతం వలన ఒక సంఘం మహిళ నడుపుతున్న డ్రోను పక్క పొలంలోని ఆకుకూర మడిపై పురుగుమందు చల్లింది. చిట్టా చూస్తే డ్రోను తన పొలంలోనే ఉన్నట్లు కనిపిస్తుంది. లేదా తన పొలంమీదనే ఎగిరిన డ్రోను నిషిద్ధ మండలంలో తిరిగినట్లు చిట్టాలో పడింది. మొదటి సందర్భంలో పొరుగు రైతుకు న్యాయం జరగదు. రెండవ సందర్భంలో ఆమెకు న్యాయం జరగదు. యంత్రం వ్రాసిన లెక్క ఒకవైపు, పెద్దగా చదువుకోని మనిషి మాట ఒకవైపు ఉన్నప్పుడు అధికారులు దేనిని నమ్ముతారో మనకు తెలియనిది కాదు.

ఈ సమస్య కేవలం ఇంజనీర్లదని మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. సంకేతం మోసపోతే యంత్రం దారి తప్పుతుంది. ఆ యంత్రాన్ని గుడ్డిగా నమ్మే సమాజంలో న్యాయం కూడా దారి తప్పుతుంది.

చేయదగిన పనులు

మందు లేని రోగం కాదిది. యూరప్‌వారి గెలీలియో ఉపగ్రహాలు తమ పౌర సంకేతానికి సంతకం చేసే సేవను 2025లో లాంఛనంగా ప్రారంభించాయి. అందులోని కిటుకు చక్కనిది. ముందు ముద్ర వేసిన సందేశం వస్తుంది. ఆ ముద్రను పరీక్షించే తాళంచెవి కొంతసేపటికి వెల్లడవుతుంది. తాళంచెవి వెల్లడి కాకముందే దొంగముద్ర తయారుచేయడం మోసగానికి అలవికాదు. ఆలస్యం చేసి తిరిగి ప్రసారం చేసే మోసాన్ని ఇది పూర్తిగా ఆపలేకపోయినా, ఇంటికి గట్టి తలుపు వచ్చినట్లే.

మన దేశానికి స్వంత వ్యవస్థ నావిక్ ఉన్నది. దాని తొలి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండి లేచింది. ఏడవది 2016 ఏప్రిల్‌లో చేరింది. మన దేశం, చుట్టూ 1500 కిలోమీటర్ల మేర దాని సేవాక్షేత్రం. తొలితరం ఉపగ్రహాలలో విదేశాల నుండి తెచ్చిన పరమాణు గడియారాలు కొన్ని మొరాయించడంతో మనకు మంచి పాఠం దొరికింది. 2023 మే 29న ఎగిరిన ఎన్.వి.ఎస్. 01లో మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన గడియారాన్ని అమర్చారు. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుండి నూరవ ప్రయోగంగా లేచిన ఎన్.వి.ఎస్. 02 మాత్రం ఒక కవాటం తెరుచుకోక అనుకొన్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ ఒడుదొడుకులు చూసి నిరాశ పడనక్కరలేదు. అయితే స్వంత ఉపగ్రహం ఉంటే చాలునన్న తృప్తి కూడా కూడదు. స్వదేశీ సంకేతానికైనా సంతకం లేకపోతే దొంగ దానిని కూడా అనుకరిస్తాడు. సామాన్యుని చిన్న యంత్రం పరీక్షించుకోగల సంతకం నావిక్ పౌర సంకేతానికి ఉండాలని, దానిని మొదటి అవసరంగా ఎంచాలని మా కోరిక.

రెండవది, ప్రజాధనంతో కొనే ప్రతి డ్రోనూ ఒకే సాక్షిని నమ్మకుండా ఉండాలి. వేరువేరు దేశాల ఉపగ్రహాలను వినడం, కదలికను స్వయంగా కొలుచుకొనే జడత్వ పరికరాలతో, ఎత్తు తెలిపే వాయుపీడన మాపకంతో, క్రిందిచూపు కెమెరాతో సరిచూసుకోవడం దానికి నేర్పాలి. వీటిలో ఏదీ సంపూర్ణం కాదని మాకు తెలుసు. జడత్వ పరికరాల తప్పు కాలంతోపాటు పేరుకొంటుంది. కెమెరా రాత్రివేళ, నీటిమీద తడబడుతుంది. సాక్షులు నలుగురుంటే అబద్ధం బయటపడే అవకాశం పెరుగుతుంది, అంతే. వారు ఏకీభవించనప్పుడు ‘నాకు నా చోటు తెలియడం లేదు’ అని యజమానికి చెప్పి, నెమ్మదిగా దిగే వినయం యంత్రానికి ఉండాలి. తెలియనిది తెలిసినట్లు నటించే మార్గదర్శి కంటె తెలియదనే మార్గదర్శి మేలు.

మూడవది, గుంపులోని బలాన్ని వాడుకోవాలి. పొరుగు డ్రోను తన చోటు చెప్పినప్పుడు ఊరక నమ్మకుండా, రేడియోతో దానికీ తనకూ గల దూరాన్ని కొలిచి చూడవచ్చు. చెప్పిన చోటుకు, కొలిచిన దూరానికి పొత్తు కుదరకపోతే అనుమానించవచ్చు. ఏ అల్లిక గుండా అబద్ధం పాకుతున్నదో, ఆ అల్లికతోనే దానిని పట్టవచ్చు. సందేశాలకు సంతకమన్నది ఐచ్ఛికంగా కాక తప్పనిసరి కావాలి.

నాల్గవది, విమాన చోదకులు అంతరాయాలను నమోదు చేస్తున్నట్లే, పొలంలో డ్రోను నడిపే మహిళ కూడా తెలుగులోనో ఉర్దూలోనో సులభంగా ఫిర్యాదు నమోదు చేయగల ఏర్పాటు ఉండాలి. అటువంటి ఫిర్యాదులను విచారించకుండా, కేవలం యంత్రం చిట్టా ఆధారంగా ఎవరినీ శిక్షించరాదు.

ఇంత రక్షణ పెడితే యంత్రం బరువు పెరుగుతుంది, ధర పెరుగుతుంది, బీదవారికి అందదు అని కొందరు అంటారు. ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. ఆటకు ఎగరవేసే డ్రోనుకు ఇవన్నీ అక్కరలేదు. మనుషుల తలల మీదుగా మందులో, పురుగుమందులో మోసేదానికి అక్కర ఉన్నది. చవక అని బ్రేకులు లేని బస్సును బీదవారి ఊరికి పంపము గదా! మరికొందరు ఈ మోసాలను ఇట్లా బహిరంగంగా చర్చిస్తే దొంగలకు విద్య నేర్పినట్లవుతుందని అంటారు. దొంగలు ఈ విద్య ఎప్పుడో నేర్చుకొన్నారు; ఇక నేర్చుకోవలసింది ఇంటివారే.

సోదర సోదరీ విద్యార్థులకు ఒక మనవి. ఈ విషయంపై ఆసక్తి కలిగినవారు కుతూహలంకొద్దీ బయట గాలిలో సంకేతాలు ప్రసారం చేసి చూడరాదు. తీగ ద్వారా, మూసిన లోహపు పెట్టెలో, అధ్యాపకుల సమక్షంలో చేసే ప్రయోగాలే న్యాయమైనవి. భౌతికశాస్త్రం చదివేవారు గడియారాల లెక్కను, గణితం చదివేవారు సంతకాల లెక్కను, చరిత్ర, న్యాయశాస్త్రం చదువబోయేవారు పూచీల లెక్కను పట్టించుకోవాలి. ఈ మూడు లెక్కలూ కలిస్తేనే గాని సమస్య తేలదు. మన వంటి చిన్న కళాశాలల నుండి కూడా అందుకు పూనుకొనేవారు రావాలి.

చుక్కలను చూసి నడిచిన మన పెద్దలు, దారి చూపుతానన్న ప్రతివాని వెంటా పోలేదు. పేరు అడిగారు, ఊరు అడిగారు, నలుగురి చేత అవుననిపించుకొన్నారు, ఆ తర్వాతనే అడుగు వేశారు. మందుల పెట్టెను, అన్నం పొట్లాన్ని ఆకాశమార్గాన పంపే ముందు మనమూ ఆ పాటి జాగ్రత్త పడితే చాలును. రహబరు ఎవరో, రహజను ఎవరో పోల్చుకొనే విద్య మన యంత్రాలకు నేర్పవలసిన బాధ్యత మన తరానిదని మా విశ్వాసం.